ఏరు తిరిగి ఇచ్చిన ఎకరం

ఏమండీ,

కృష్ణలో మునిగిన మన లంక ఎకరం తేలింది. బ్యారేజీ మీదుగా వెళ్ళినప్పుడల్లా దిగువకు చూసి "లేచిందంటావా?" అని అడిగేవారు. ఈ ఏడు వరద తీశాక లేచింది.

పడవెక్కి వెళ్ళాను. పొగమంచులో ఏరు ఎక్కడ ఆగిందో, ఇసుక ఎక్కడ మొదలైందో తెలియలేదు. హద్దురాళ్ళు ఏటిపాలయ్యాయి. సర్వేయరు కొలిచి చూపించాక మనదేనని నమ్మాను. దాని నిండా పచ్చగా పుచ్చపాదులు. ఒడ్డున ఉండే మంగమ్మ వేసింది.

"ఎవరినడిగి వేశావు?" అన్నాను.

"ఏటినడిగానండీ మామ్మగారూ. కాదనలేదు."

నవ్వు ఆపుకున్నాను. "పట్టా మా ఆయన పేరున ఉంది. ఊరికే సాగు చేసుకోనిస్తే రేపు హక్కు నాదంటావు."

ఆమె ముఖం వాడిపోయింది. "పాదులు పీకెయ్యమంటారాండీ?"

"పీకమన్నానా? కౌలు కాగితం రాసుకుందాం. ఏడాదికి ఒక పుచ్చకాయ. అది తప్పితే మాత్రం ఊరుకోను."

ఈ ఉదయం కాయ తెచ్చింది. రసీదు రాసిచ్చి పంపాను. ఆమె వెళ్ళాక, మీరు చేసినట్టే కాయను చెవి దగ్గర పెట్టుకుని తట్టాను. లోపల చాలాసేపు ఏరు పారింది.