ఎంటర్ కొడితే ఒప్పుకున్నట్టే

అలెగ్జాండ్రియా
ఇంజనీరు వగ్దీ గారికి,

మీరు నా పేరు కాజేశారు. ఇన్‌స్టిట్యూట్ కంప్యూటర్‌లో నా గురించి ఎవరు అడిగినా "డాక్టర్ సబ్రీ గారి ఇంటావిడ" అని చూపిస్తోంది. ఏళ్ళ తరబడి ఇక్కడ ఆర్థికశాస్త్రం చెబుతున్నదాన్ని! పెళ్ళి కార్డుల్లో అచ్చేసే ఆ ముక్కను మెషిన్‌లోకి ఎవరు దూర్చారు? రబాత్ సదస్సు వాళ్ళు మెయిల్‌లో కనబడే పేరుకే ఆహ్వానం పంపుతారు. అది పాస్‌పోర్టుతో కలవకపోతే నాకు వీసా రాదు. వెంటనే సరిచేయండి.

దురియా షల్కామీ

తా.క.: ఆ పేరుతో మెయిల్ పంపే ప్రసక్తే లేదు. అందుకే కాగితం.

* * *

గౌరవనీయులైన దక్తూరా దురియా గారికి,

కాజేయలేదమ్మా, గౌరవించాం. మా అమ్మ పేరు నా స్నేహితులకే తెలియదు. పరాయి స్త్రీ పేరు అందరూ చదివేలా ఎలా పెడతాం? అభ్యంతరమైతే మీరే మార్చుకోవచ్చు. టెర్మినల్ ముందు కూర్చుని 'సీహెచ్ఎఫ్ఎన్' అనే కమాండ్ కొట్టండి. పాస్‌వర్డ్ అడిగాక పేరు, గది, ఆఫీసు ఫోను, ఇంటి ఫోను ఒక్కొక్కటే అడుగుతుంది. పాత వివరం పక్కనే బ్రాకెట్లో ఉంటుంది.

విధేయుడు,
వగ్దీ

తా.క.: కామాలు ఒప్పుకోదు. మీ పత్రికా వ్యాసాలు చదివినవాణ్ణి కనుక ముందే హెచ్చరిస్తున్నాను.

* * *

వగ్దీ గారూ,

మీ మెషిన్ బుర్రలో ఏముందో తెలుసుకోవాలని మహా కుతూహలంగా ఉంది. "పేరు?" అంది. పక్కనే ఆ ఇంటావిడ! ఇంత అవమానానికి జవాబు కూడానా? పలక్కుండా, తలుపు విసిరికొట్టినట్టు ఎంటర్ కొట్టాను. గదికీ, ఫోన్లకీ అంతే. చివర్లో తాపీగా "మార్పేమీ లేదు" అంది. అంటే మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసేసుకుంది! మా అక్క పెళ్ళిలో కాజీ "ఏమ్మా, ఇష్టమేనా?" అన్నాడు. "తల వంచిందిగా, ఇష్టమే, రాసేయండి" అన్నాడు మా మామయ్య. అక్క తల వంచింది ఏడుపు దాచుకోడానికి. దీనికీ ఆ మామయ్యే పాఠం చెప్పాడా?

దురియా

తా.క.: రెండోసారి ఊరుకోలేదు. "పేరు?" అనగానే "నేనెవరి ఇంటావిడనూ కాను" అని కొట్టాను. కామా లేకుండా. కిక్కురుమనలేదు! ఆ ఊపులో రబాత్‌కు మెయిల్ కూడా పంపేశాను.

* * *

యా దక్తూరా,

అది వాదన పెట్టుకునే చోటు కాదు, పేరు పెట్టే చోటు! ఇప్పుడు మీ పేరే అది. రబాత్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది: "శ్రీమతి నేనెవరి ఇంటావిడనూ కాను గారికి సాదర ఆహ్వానం." భార్య పోయిన భూగర్భశాస్త్రం ప్రొఫెసరు మీ గదికి బస్బూసా మిఠాయి పళ్ళెం పంపాడట. సబ్రీ గారు పాలిపోయిన మొహంతో నా దగ్గరికొచ్చారు.

"ఇంజనీరు గారూ, మా ఆవిడ నన్నొదిలేసిందా? మెషిన్‌కి తెలిసి నాకు తెలియదా?"

"లేదు సార్, అడిగినదానికి జవాబు చెప్పారంతే."

"ఇంట్లోనూ అంతేలే" అని కూలబడ్డారు.

సంగతి డీన్ గారిదాకా వెళ్ళింది. ఇకపై స్త్రీల వివరాలు మార్చాలంటే భర్త సంతకం కావాలట. ఆ కమాండ్ అందరికీ మూసేశాను.

మన్నించండి,
వగ్దీ

తా.క.: మూసేముందు సబ్రీ గారు కాసేపు టెర్మినల్ దగ్గర కూర్చున్నారు. ఇప్పుడాయన పేరు "దురియా గారి ఇంటాయన". మీకు సంఘీభావమట.

* * *

వగ్దీ గారూ,

నాకు భర్త సంతకం కావాలన్నారు. మీ కంప్యూటర్ ప్రకారం నాకు భర్తే లేడు. ఉన్నాయనకు పేరు లేదు. ఏమని సంతకం పెట్టాలో డీన్ గారినే అడగండి, నాకూ తెలుసుకోవాలనుంది.

ఆయన కొత్త పేరు చూసి మొదట పడీపడీ నవ్వాను. తర్వాత వరండాలో కుర్రాళ్ళు "ఇంటాయన గారూ!" అని పిలుస్తుంటే ఆయన ఎటు చూడాలో తెలియక నిలబడ్డాడు. నవ్వు పోయింది. వద్దు, ఇది ఎవరికీ వద్దు.

నా డిమాండ్లు:

1. డీన్ ఉత్తర్వు రద్దు చేయాలి.
2. కమాండ్ అందరికీ తెరవాలి.
3. నా పేరు నేనే మార్చుకుని రబాత్‌కు రాస్తాను. సబ్రీ పేరు సబ్రీ మార్చుకుంటాడు.
4. ఎంటర్ కొడితే ఒప్పుకున్నట్టేనని ప్రతి టెర్మినల్ మీదా పెద్దక్షరాల్లో అతికించాలి.
5. మీ మెషిన్‌లో ఇంకా ఎందరు ఫలానావారి ఇంటావిడలున్నారో చూడండి. ఒక్కొక్కరినీ పిలవండి. కుర్చీ వేయండి. పేరేమిటని అడగండి. వాళ్ళు నోరు తెరిచేదాకా ఆగండి.

దురియా షల్కామీ