కుప్పం బస్సులో నీ టవలు

నాయనా,

మేమంతా దక్షిణ ఇటలీకి వెళ్తున్నాం. కారు లేకుండా, రైళ్లలో, బస్సుల్లోనే తిరుగుతాం. నిన్న ఫోనులో నేపుల్స్ నుంచి బారి ఊరికి బస్సు వెతుకుతుంటే అమ్మ అడిగింది: "ఆడ సీట్లకు టవలు ఎవురు ఏస్తారు?"

ఎన్నిసార్లు వద్దన్నా విన్నావా? పుంగనూరు బస్టాండులో కుప్పం బస్సు ఆగకముందే పరుగెత్తి, మా అందరి కోసం కిటికీలోంచి టవలు వేసేవాడివి. పోయినేడు అలాగే వేసి, అక్కడే గుండె పట్టుకుని కూలిపోయావు. మదనపల్లె ఆసుపత్రికి చేరేలోపే పోయావు. బస్సు నీ టవలుతోనే కుప్పం వెళ్లిపోయింది.

"ఇటలీలో సీటు ముందే మన పేరు మీద ఉంటాదమ్మా, పరిగెత్తే పన్లేదు" అన్నాను.

అమ్మ నా ఫోనులోని ఖాళీ సీట్లను చాలాసేపు చూసింది.

"మీ నాయన ఉండింటే నిదానంగా నడిసొచ్చి కూసుండేవాడు" అంది.