నూట పదమూడో రాయి

అక్టోబరు 9, మంగళవారం
పగలు రెండు గంటలు

మరదలికి,

మీ వదిన ఆశీర్వదించి రాస్తున్నది. నేను క్షేమం. నువ్వూ, నా మేనకోడలు పిచ్చుకా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. పైన ‘చిరంజీవి సౌభాగ్యవతి’ అని రాయబోయి ‘చి’ దగ్గరే ఆగిపోయాను. నీ పెళ్ళయిన కొత్తలో ప్రతి ఉత్తరం ఆ మాటతోనే మొదలుపెట్టేదాన్ని కదా, చెయ్యి దానంతటదే అటు పోయింది. ఆ కాగితం పక్కన పెట్టి ఇంకోటి తీసుకున్నాను. నా చేతిరాత చూడగానే విప్పకుండా పొయ్యిలో పడేస్తావేమోనని, కవరు మీద చిరునామా ఈ బస నడిపే ఆవిడ చేత రాయించబోతున్నాను. మూడేళ్ళ తరవాత రాసే ఉత్తరంలో మొదటి దొంగతనం ఇదే. క్షమించు.

ఆసుపత్రిలో నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఆ దుప్పట్ల గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఇరవై ఆరేళ్ళయింది. జ్వరాలకీ చావులకీ తప్ప సెలవడగడం ఇదే మొదలు. ఎక్కడికని మా హెడ్ నర్సు అడిగితే, నడవడానికి అన్నాను. మోకాళ్ళ నొప్పులని రోజూ మూలిగే మనిషివి నడవడానికి పోతావా అని నవ్వింది. తమ్ముడు వేసిన దారిలో నడవడానికి అని నేను చెప్పలేదు.

కిందటి వేసవిలో ఆ నడకదారి మొత్తం తెరిచారు. యుద్ధం జరిగిన చోట్లన్నిటినీ కలుపుతూ మూడు రోజుల నడక. మేము పదకొండుమందిమి. ముందు నడిచింది తమ్ముడి మేస్త్రీయే. వాడి కర్మ రోజున మీ గేటు దగ్గర టోపీ చేత్తో నలుపుకుంటూ నిలబడ్డాడు చూడు, ఆయన. మీసం పూర్తిగా తెల్లబడిపోయింది. నన్ను గుర్తుపట్టాడు గానీ అందరిముందూ పలకరించలేదు. నేను వెనకబడ్డప్పుడల్లా తానూ ఆగి బూటు తాడు కట్టుకునేవాడు. ఒక మనిషి బూటు తాడు రోజుకి ఇరవైసార్లు ఊడుతుందా? మర్యాదస్తుడు.

ఎంత మెత్తటి నేలనుకున్నావు! పెద్ద కొండలేమీ లేవు. పరుపు మీద పరిచిన దుప్పటి కింద ఎవరో పడుకుని కాళ్ళు ముడుచుకున్నట్టు చిన్న చిన్న మెరకలు. గోధుమ కోసేసిన చేలు, మధ్యన కంచెలు, గొర్రెలు. మొదటిరోజు ఒక పొడవాటి పల్లం పక్కన ఆగాం. నడుం లోతు ఉంటుంది, నిండా గడ్డి, అందులో నాలుగు గొర్రెలు పడుకుని నెమరేస్తున్నాయి. కాలవ ఎండిపోయిందేమో అనుకున్నాను. మాతో రిటైరైన లెక్కల మాస్టారొకాయన వచ్చాడు. ఎక్కడ బోర్డు కనబడినా క్లాసులో చదివినట్టు బిగ్గరగా చదివేవాడు. అది కందకమట. ఒక్క పూటలో ఆరువందల మంది అందులో పోయారట. మాస్టారు చదవడం అయ్యాక కూడా గొర్రెలు లేవలేదు.

దారి పొడుగునా గుర్తు రాళ్ళున్నాయి. ఒక్కోదాని మీద అంకె, పసుపుపచ్చ బాణం. తమ్ముడు పాతినవి నేను చెప్పకుండానే పట్టేశాను. వాడు రాయి పాతితే మూడు పక్కలా పలకరాళ్ళు బిగించి, నాలుగో పక్క మట్టి కాలితో తొక్కేవాడట, నీళ్ళు ఆ పక్కనుంచి జారిపోవడానికి. చిన్నప్పుడు మంచం కోడు కింద చెక్కముక్క కూడా అలాగే పెట్టేవాడు. వాడి నిదానం చూసి తోటివాళ్ళు తాబేలు అని పేరు పెట్టారని నీకు తెలుసుగా. తాబేలు పాతిన రాయి వందేళ్ళు కదలదు అన్నాడు మేస్త్రి. ప్రతి రాయినీ ఒకసారి ముట్టుకుంటూ నడిచాను. వెనకొచ్చేవాళ్ళు, పాపం ముసలావిడ ఆసరా కోసం పట్టుకుంటోంది అనుకుని ఉంటారు.

ఆ రాత్రి పాత పిండిమరలో పడుకున్నాం. యుద్ధమప్పుడు దాన్ని ఆసుపత్రి చేశారట. గుడ్డలు చాలక పిండి సంచులు చించి కట్లు కట్టారు. ఒక సంచి ముక్క అద్దాల పెట్టెలో పెట్టారు. మిగతావాళ్ళు దాని మీది మరక చూస్తున్నారు. నా కళ్ళు అంచు మీదికి పోయాయి. కుట్టు మొదట్లో సన్నగా, బారుగా ఉంది. పోనుపోను దూరం దూరంగా పడి, చివర ముడి కూడా లేదు. కుట్టినావిడకి తీరిక లేకపోయింది. పక్కన ఎవరో అరుస్తున్నారు, చెయ్యి సూది వదిలి అటు పోయింది. మా గదిలో అత్యవసర కేసులొచ్చిన రోజున నా కుట్టూ అలాగే ఉంటుంది.

రెండోరోజు సమాధులు. తెల్లరాళ్ళు వరస తప్పకుండా, చాలా దూరం. పేర్లకింద వయసులు: పందొమ్మిది, ఇరవై, పద్దెనిమిది. మాస్టారు కాసేపు చదివి మానేశాడు. నాకు ఏడుపు రాలేదు. నిజం చెబుతున్నాను, కోపం వచ్చింది. వీళ్ళందరికీ రాయి ఉంది, పేరుంది, పక్కన పూలమొక్క ఉంది. మావాడికి ఏముంది? యుద్ధం ముగిసిన పాతికేళ్ళకి పుట్టాడు వాడు. నలభై ఒకటో ఏట అదే యుద్ధం పొట్టన పెట్టుకుంది.

ఇవాళ పొద్దున్న అక్కడికి చేరాం.

నూట పన్నెండో రాయి దగ్గర దారి ఉన్నట్టుండి ఎడమకి తిరిగి, ఒక గుంట చుట్టూ వంపుగా పోయి మళ్ళీ తిన్నగా అవుతుంది. తరవాతి రాయి నూట పద్నాలుగు. అక్కణ్ణుంచి రాళ్ళన్నీ సిమెంటుతో పాతినవే. గుంట నిండా ఇప్పుడు చామంతి లాంటి తెల్లపూలు. బోర్డు లేదు. తిన్నగా పోయే దారిని ఇక్కడ వంకర ఎందుకు తిప్పారు, అంకె కూడా తప్పించారే అన్నాడు లెక్కల మాస్టారు. మేస్త్రి నా మొహం చూశాడు. నేనే చెప్పాను, ఇక్కడ మా తమ్ముడు పోయాడండీ, రాయి పాతడానికి గునపం వేస్తే కింద అప్పటి పేలని ఫిరంగి గుండు ఉంది అని. మూడు రోజులుగా ప్రతి బోర్డూ చదివిన ఆ పెద్దమనిషి టోపీ తీసి, చదవడానికి ఏమీ లేక, అలా నిలబడిపోయాడు.

మిగిలినవాళ్ళు ముందుకెళ్ళారు. మేస్త్రి నా పక్కన గడ్డిలో కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, నువ్వు ఆయన దగ్గరికి వెళ్ళిన సంగతి.

వాడు పోవడానికి నెల ముందట కదా? అంతకు వారం కిందట ఇంకొకరి గునపానికి గుండు తగిలి, అదృష్టం కొద్దీ పేలకుండా ఉందని విని, పిచ్చుకని వెంటేసుకుని రెండు బస్సులు మారి వెళ్ళావట. మా ఆయన్ని ఈ తవ్వకాల్లోంచి తీసెయ్యండి, ఏదైనా కూర్చునే పని ఇవ్వండి అని ఏడ్చావట. మ్యూజియంలో టికెట్లిచ్చే పని ఖాళీగా ఉంటే మేస్త్రే అర్జీ రాసి నీ చేతికిచ్చాడట. నువ్వు ఇంటికి తీసుకెళ్ళి ఎన్ని రోజులు బతిమాలావో ఏమో, చివరికి వాడు సంతకం పెట్టాడు. సోమవారం తెచ్చి నాకిస్తానని శుక్రవారం చెప్పాడమ్మా, సోమవారం వచ్చి నా ఎదురుగానే చింపేశాడు, ఎందుకురా అంటే గునపం తీసుకుని పోయాడు అన్నాడు మేస్త్రి. ఆ గురువారమే జరిగింది.

ఇదంతా విన్నాక నేను ఎలా లేచి నడిచానో నాకు తెలియదు.

కర్మ రోజున, పదిమందిలో, నిన్ను నేనేమన్నాను? నీ పోరు పడలేకే వాడు ఇంటిపట్టున ఉండకుండా ఆ చేలంట పడి తిరిగాడు, నా తమ్ముణ్ణి నువ్వే మింగేశావు అన్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. అర్ధమొగుణ్ణి కాదు, నిండు శత్రువునయ్యాను. నువ్వేమో కూర్చుని పిచ్చుక స్వెట్టరు గుండీలు పెడుతున్నావు. పెట్టినవే విప్పి మళ్ళీ పెట్టావు. అర్జీ సంగతి ఒక్క ముక్క చెప్పి ఉంటే నా నోరు అక్కడే మూతపడేది. ఎందుకు చెప్పలేదు? పోయినవాడు నీ మాట కాదన్నాడని పదిమందిలో చెప్పడం ఇష్టం లేకపోయిందా? వాణ్ణి అప్పుడు కూడా వెనకేసుకొచ్చావు. నేను తప్పంతా నీ మీదికి తోశాను.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని మా అమ్మ అనేది. తీసుకోలేనని తెలిసే రాస్తున్నాను. నాకు ఈ సంగతులేవీ తెలియవు మరదలా. తెలియక అన్నాను. అర్జీ ఎందుకు చింపాడో, వాడి మనసులో ఏముందో ఆ పైవాడికే ఎరుక.

ఇంకో విషయం. ఆ గుంట పక్కన వాడి పేరుతో రాయి వెయ్యాలని మేస్త్రీ, తోటివాళ్ళూ ఆఫీసు చుట్టూ తిరిగి అనుమతి తెచ్చారు. నూట పదమూడో రాయే, అంకె బదులు పేరు. ఇంటివాళ్ళ సంతకం కావాలట. నీకు రెండు ఉత్తరాలు రాశారట, జవాబు లేదట. అక్కగారు పెట్టినా చెల్లుతుందండీ అని మేస్త్రి కలం తీసి ఇచ్చాడు. నేను పెట్టలేదు. ఆ కాగితం దీనితోపాటు పంపుతున్నాను. అది నీ హక్కు. పెట్టాలనిపించకపోతే పెట్టకు, ఎవరూ అడగరు. నేను అసలే అడగను.

పిచ్చుకకి తొమ్మిదేళ్ళొచ్చి ఉంటాయి. మొన్న ఆసుపత్రిలో ఆ ఈడు పిల్లకి గౌను కురచ చేస్తూ, మన పిల్ల ఎంత పొడుగైందో తెలియని మేనత్తని ఏమనాలి అనుకున్నాను. దాని కొలతలు పంపితే చాలు. నన్ను రానివ్వక్కర్లేదు.

ఆరోగ్యం చూసుకో. చలికాలం నీకు దగ్గు తిరగబెడుతుంది, చెవులకి గుడ్డ కట్టుకో.

ఇట్లు
నీ మేలు కోరే
వదిన

తా.క.: ఉత్తరం మడిచి కవర్లో పెట్టాను. బసావిడ చిరునామా కూడా రాసేసింది. ఐదింటి బస్సుకి ఇంకా గంటన్నర ఉంది. మళ్ళీ బయటికి తీశాను.

పైన ఒక అబద్ధం రాశాను. తెలియక అన్నాను అన్నది. అర్జీ సంగతి నాకు ఇవాళే తెలిసింది కాదు. మూడేళ్ళుగా తెలుసు.

అర్జీ ఇవ్వాల్సిన సోమవారానికి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, తమ్ముడు నాకు ఫోను చేశాడు. సంతకం పెట్టానక్కా, రేపు ఇచ్చేస్తాను, ఇంట్లో ఇది నిద్రపోవడం లేదు అన్నాడు. వాడి గొంతు తేలిగ్గా ఉంది. నాకు ఒళ్ళు మండింది. గుమ్మంలో కూర్చుని టికెట్లు చింపడానికా నిన్ను నేను తల్లిలా పెంచింది, పెళ్ళాం ఏడిస్తే మగాడు మూల కూర్చుంటాడా, మేస్త్రి తరవాత మేస్త్రివి కావలసినవాడివి, అందరూ నవ్వుతారు అన్నాను. సరేలే అక్కా అన్నాడు. అదే వాడి ఆఖరి మాట నాతో.

నువ్వంటే నాకు అసూయ. వాడు నీ మాట వినడం నేను ఓర్చుకోలేకపోయాను. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

ఆ ఫోను సంగతి వాడు నీకు చెప్పలేదని కర్మ రోజునే నాకు అర్థమైంది. చెప్పి ఉంటే నువ్వు నా మొహం చూసేదానివి కాదు. ఎవరికీ తెలియదని రూఢి అయ్యాకే నిన్ను ఆ మాటన్నాను. ఎప్పటికైనా తెలిసి నువ్వు నన్ను అంటావేమోనని ముందు నేను అన్నాను.

ఇవాళ మేస్త్రి, ఎందుకు చింపాడో అంతు పట్టలేదమ్మా అని నా వైపు చూసినప్పుడు కూడా నోరు విప్పలేదు. నీకు రాసేటప్పుడూ తప్పించుకోబోయాను.

పిచ్చుక ఎప్పుడైనా, నాన్న ఆ పని ఎందుకు మానలేదమ్మా అని అడిగితే, నీ మాట లెక్కచెయ్యలేదని మాత్రం చెప్పకు. నీ మాట విని సంతకం పెట్టాడని చెప్పు. మిగతాది నా పేరు పెట్టి చెప్పు.