కెజియా ప్రార్థన పాఠం

నాన్నగారికి, మీ సలోమి వందనాలు. ఫోనులో మీకు మాట వినపడడం లేదని కార్డు రాస్తున్నాను.

కెజియాను బడి మాన్పించానని బెంగపడకండి. సినిమాల్లో పిల్లల పాత్రలకు డబ్బింగ్ చెప్పడానికి అది తరచూ వెళ్తోంది కదా, అన్ని సెలవులకు బడివాళ్లు ఒప్పుకోలేదు. ఇకపై ఇంట్లో నేనే చదివిస్తాను. ఇక్కడ ఫిల్మ్ నగర్‌లో మా చర్చివాళ్లు రెండు రకాల క్రైస్తవ పాఠ్యపుస్తకాలు చూసుకోమని ఇచ్చారు. లెక్కలు, సైన్సు రెంటిలోనూ బాగానే ఉన్నాయి. ప్రార్థన దగ్గరే ఆగిపోయాను. ఒక రకంలో పిల్లచేత ప్రార్థన పైకి చదివించి తల్లి మార్కులు వేయాలి.

నిన్న చదివించాను. దాని గొంతు వణికింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఏడుపొచ్చి పదికి పది వేశాను. అది కళ్లు తుడుచుకుని, "బాగా వచ్చిందా అమ్మా? ఇంకో టేక్ చెప్పనా?" అంది.

ఆ రకం పుస్తకాలు ఇవాళ తిరిగి ఇచ్చేశాను. రెండో రకం తీసుకుంటున్నాను గానీ నాకు కావలసిన పాఠం వాటిలోనూ లేదు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఆవకాయ పంపకండి, పోయినేడాదిదే ఇంకా ఉంది. మీరిద్దరూ రండి. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర బస్సు దిగితే మీ అల్లుడు వచ్చి తీసుకొస్తారు.

వినికిడి పోయినప్పటి నుంచి మీరు పెదవి కదపకుండా ప్రార్థన చేసుకుంటున్నారు. రోజూ పొద్దున ప్రార్థనప్పుడు కెజియాను పక్కన కూర్చోబెట్టుకోండి, చాలు. దాని గొంతుకు కరిగిపోనివారు మా అందరిలో మీరొక్కరే.

ప్రభువు మీ ప్రయాణానికి తోడుండును గాక.

సలోమి