తాడు పట్టే మనిషి

పాణ్యం,
మే 7, 2025.

ప్రియమైన ఓబుళేశు బావకు,

నేను మేట్‌నయ్యాను బావా! మేట్ అంటే ఏందని అడుగుతావని ముందే చెబుతున్నా. పొద్దున అందరికంటే ముందు గనిలోకి దిగి, రాతి గోడలన్నీ చూసి, పని చేసుకోవచ్చని రిజిస్టర్‌లో సంతకం పెట్టే మనిషి. నేను ఈల ఊదితేగానీ డ్రిల్లింగ్ మిషన్ కదలదు.

చెంచుపిల్ల మేట్ కావడం ఈ చుట్టుపక్కల ఇదే మొదలట. మేనేజర్ రాఘవేంద్రప్రసాద్ గారు నా మెడలో దండ వేసి ఫోటో తీయించారు. గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. అందులో నా ముక్కు ఎంత ఉందనుకున్నావు, నాకే సిగ్గేసింది. నా పని బాగుంటే మన గూడెంలో ఇంకో ఆరుగురు ఆడవాళ్ళకు ట్రైనింగ్ ఇప్పిస్తానన్నారు. పేర్లు రాసిపెట్టమని రామసుబ్బమ్మ పెద్దమ్మతో చెప్పు.

మా తమ్ముడు నరసన్నకు కూడా అడక్కుండానే పని ఇచ్చారు. నా షిఫ్టులోనే డ్రిల్లింగు. అందుకే నీకు ఒక్క మాట. తేనె కోసం కొండ చరియ దిగేటప్పుడు నీ తాడు పట్టేది వాడే కదా. భార్య తోడబుట్టినవాడే తాడు పట్టాలని మన కట్టుబాటు. ఆ తాడుకు తన అక్క బొట్టు వేలాడుతోందని వాడు చచ్చినా చెయ్యి వదలడు. ఇప్పుడు వాడు ఇక్కడున్నాడు. వాడొచ్చేదాకా నువ్వు చరియ దిగొద్దు, నా మీద ఒట్టు.

గూడెంలో ఫోను పలకదు కాబట్టి, గురువారం గురువారం అక్కడికొచ్చే నర్సు విశ్వాసమ్మ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నా. జవాబు ఆమెతోనే పంపు.

నీ
తనూజ

గూడెం,
మే 8.

ప్రియమైన మేట్ తనూజమ్మ గారికి,

నీ మొగుడు ఓబుళేశు దండాలు పెట్టి రాసేది. నవ్వొద్దు. విశ్వాసమ్మ పిల్లోళ్ళకు సూదులేసేలోపల రాసియ్యాల, అచ్చరాలు వంకరపోతే సర్దుకో.

శానా సంతోషంగా ఉండాది తనూజా. రామసుబ్బమ్మ ఆరు పేర్లు రాయమంటే తొమ్మిది రాసింది. మూడు కొట్టేసేసరికి గూడెమంతా రచ్చ. మిగిలిన ఆరుగురూ అప్పుడే మేట్లయినట్టు చేతులెనక్కి కట్టుకోని తిరగతాండారు.

తాడు చూరుకే యాలాడతాండాది. నేను కొండ పక్కకే పోలేదు. నువ్వు భయపడొద్దు.

ఒకటి మాత్రం అడగతా. అడక్కుండా పని ఇచ్చినోడు ఎందుకిచ్చినాడో అడిగినావా?

నీ
ఓబుళేశు

పాణ్యం,
మే 21.

ప్రియమైన బావకు,

నువ్వు అడగమన్నది నేను అడగలేదు. అడగాల్సింది.

ఆదివారం వానకు ఉత్తరపు గోడ పైన మట్టి కొట్టుకుపోయి నెర్రె బయటపడింది. నా చెయ్యి మణికట్టు దాకా దూరింది. గోడ కదులుతోందో లేదో తెలియాలని దాన్ని తడి బంకమన్నుతో పూడ్చి వచ్చాను. తెల్లారి చూస్తే మన్ను చీలి ఉంది. మేనేజర్ సారుకు చూపిస్తే ఎండకు చీలిందన్నారు. ఎండకైతే అడ్డదిడ్డంగా పగలాలి. ఇది నెర్రె వెంబడి ఒకటే గీత. గోడ కదులుతోంది బావా. దాని కింద మిషన్ పట్టుకుని మన నరసన్న ఉన్నాడు.

"ఒక్క పది రోజులమ్మా, ఆర్డరు పంపించేస్తాం. ఇప్పుడు ఆపితే, ఆడమనిషిని ఎందుకు పెట్టావని పైవాళ్ళు నన్నే అంటారు. మీ ఆరుగురి మాట ఇక మర్చిపో" అన్నారు సారు.

ఆరు పేర్లూ కళ్ళ ముందు కనబడ్డాయి. సంతకం పెట్టాను. నిన్నా పెట్టాను, ఈరోజూ పెట్టాను.

పనివాళ్ళు గోడ చూసి జంకుతుంటే పెద్దాయన ఈరప్ప ఏమన్నాడో తెలుసా? "సొంత తమ్మున్నే కింద నిలబెట్టిందప్పా. చెంచోళ్ళు ఊరికే అట్ల నిలబెట్టరు. పాండి, పాండి" అన్నాడు. ఆ మాటతో అందరూ దిగారు. సాయంత్రం దాకా ఏమీ కాలేదు, కానీ నాకు ముద్ద దిగడం లేదు. నన్ను తిట్టు బావా.

నీ
తనూజ

గూడెం,
మే 22.

ప్రియమైన తనూజకు,

తిట్టేదానికి నాకు మొగం లేదు. నీకు అబద్ధం రాసినా. సోమవారం చరియ దిగినా.

తాడు పట్టే మనిషి లేక చెట్టుకు కట్టినా. సగం దిగినాక ముడి జారింది. ఒక బారెడు కిందికి పోయి ఆగినా. మోకాలు చీరుకుపోయింది, అంతే, ఏడవొద్దు. యాలాడతా ఉన్నప్పుడు నాకు ఒకటే తోచింది. చెట్టుకు అక్క లేదు. నేను పడితే దానికి పొయ్యేదేమీ లేదు.

మీ మేనేజరు యాడ నిలబడతాడు? గోడ కిందనా, ఫ్యాను కిందనా? ఆ గోడ కింద ఆయన మనిషి ఎవరుండారు?

నీ ఉత్తరం రామసుబ్బమ్మకు చదివినా. ఆయమ్మ పేర్ల కాగితం నా చేతిలోంచి గుంజుకోని చింపేసింది. "మా పేర్ల కోసరం పిల్లోన్ని గోడ కింద పెట్టమని మేమడిగినామా? దానికి బుద్ధుండాదా?" అనింది. తిట్లు ఆయమ్మవే, నావి కాదు.

విశ్వాసమ్మ సంచి సర్దతాండాది. నరసన్నను బయటికి పిలువు తనూజా. రేపే పిలువు.

నీ
ఓబుళేశు

పాణ్యం,
మే 28.

ప్రియమైన బావకు,

అందరం బతికే ఉన్నాం. ఆ మాట ముందు రాసి తర్వాత మిగతాది. నీ మోకాలి సంగతి వచ్చాక చెబుతా, అప్పుడుంది నీకు.

నీ ఉత్తరం అందిన తెల్లారే రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నాను. మొదటి పేజీ నేను చేరిన రోజుతోనే మొదలవుతుంది. పాతది ఏమైందని ఆఫీసు బీరువాలో వెతికాను. నాకు ముందు బొజ్జన్న అనే ఆయన మేట్. మూడు రోజులు వరసగా ఒకటే రాశాడు: "ఉత్తరపు గోడ కదులుతోంది. కింద పని వద్దు." నాలుగో రోజు ఆయన పేరు లేదు. నెర్రె మీద మట్టి అప్పుడే పోయించి ఉంటారు. వారం తిరక్కుండా నా మెడలో దండ పడింది.

చెంచుపిల్ల తన తమ్ముణ్ణి కింద నిలబెడితే ఎవరూ అనుమానించరని వాళ్ళకు ముందే తెలుసు. మన తాడు కట్టుబాటు వాళ్ళకు ఎవరు చెప్పారంటావు? నేనే బావా. ఇంటర్వ్యూలో మన గూడెం గురించి చెప్పమంటే గొప్పగా చెప్పాను. మేనేజర్ సారు రాసుకున్నారు కూడా.

బొజ్జన్న మాటే నా రిజిస్టర్‌లో రాసి, ఈల ఊది, అందర్నీ బయటికి రప్పించాను. శుక్రవారం గోడ పడలేదు. శనివారమూ పడలేదు. కూలి పోయిందని ఈరప్ప సణిగాడు. "అక్కా, నలుగుర్లో నా పరువు తీసినావు" అని నరసన్న నాతో మాట్లాడటం మానేశాడు. నేనే పొరబడ్డానేమో అని కూడా అనిపించింది.

సోమవారం పొద్దున మేనేజర్ సారు నా ఈల లాక్కుని, నరసన్నను దిగమన్నారు. నేను ఆఫీసులోకి పోయి ఆయన కుర్చీ ఈడ్చుకొచ్చి గోడ కింద వేశాను.

"మీరు ఈడ కూర్చోండి సార్. మీరు కూర్చున్నంతసేపూ మావోళ్ళు పని చేస్తారు" అన్నాను.

ఆయన తలెత్తి గోడను చూశారు. నంద్యాలలో మీటింగుందని కారెక్కి వెళ్ళిపోయారు. అప్పుడు ఈరప్ప మిషన్ కింద పెట్టేశాడు. మిగతావాళ్ళూ పెట్టేశారు. నరసన్న అందరికంటే చివర పెట్టాడు.

నిన్న పదకొండు గంటలకు గోడ పడింది. మేమంతా గేటు దగ్గరున్నాం. దుమ్ము తగ్గాక చూస్తే, నరసన్న రోజూ నిలబడే చోట మనిషెత్తు రాళ్ళ గుట్ట. కుర్చీ ఇంకా దాని కిందే ఉంది.

ప్రభుత్వం నుంచి అధికారులు వస్తున్నారు, రెండు రిజిస్టర్లూ నా దగ్గరే పెట్టుకున్నా. ఈరోజు గని యజమాని నన్ను పిలిచి, సన్మానం చేస్తామన్నాడు. "దండ వద్దు, నా ఈల ఇవ్వండి. బొజ్జన్నను మళ్ళీ పిలవండి. మేట్ ఆపమంటే మేనేజరైనా ఆపాల్సిందేనని కాగితం రాసివ్వండి. అప్పుడు మా ఆరుగురూ వస్తారు" అన్నాను. ఈల వచ్చింది. కాగితం ఇంకా రాలేదు. అది వచ్చేదాకా గనిలో అడుగు పెట్టను. పేర్లు మాత్రం మళ్ళీ రాయమని రామసుబ్బమ్మ పెద్దమ్మతో చెప్పు. ఈసారి తొమ్మిదీ రాయమను.

విశ్వాసమ్మతో పాటే నరసన్న వస్తున్నాడు. నిన్నటి నుంచి నా చెయ్యి వదలడం లేదు. వాడి చేతులు పట్టుకుని చూడు, ఇంకా వణుకుతున్నాయి. ఆ వణుకు తగ్గేదాకా చరియ దిగొద్దు.

నీ
తనూజ