దయ్యానికి పక్క

ముక్కుమీద కోపముండే మా అక్కకి,

నాకు ఉద్యోగం దొరికింది. కుట్టుపని కాదులే. ఈ ఊళ్ళో బస్టాండు వెనక ఒక పాతకాలపు లాడ్జి ఉంది, అందులో గదులు సర్దే పని. చెక్కమెట్లు ఎక్కుతుంటే మూలుగుతాయి, కిటికీలు ఒక పట్టాన మూసుకోవు. అయినా గదులు ఖాళీ ఉండవు. ఎందుకో తెలుసా? దయ్యం కోసం వస్తారు జనం! నవ్వకు.

మేడమీద చివరి గదిలో ఒకావిడ ఎవరికోసమో ఎదురుచూస్తూ చనిపోయిందట. రోజూ సాయంత్రం ఆవిడకి పక్క వేసి, గ్లాసుతో నీళ్ళు పెట్టి, తలుపు దగ్గరగా వేసి రావాలి. తాళం వేయకూడదు. తెల్లారేసరికి దుప్పటి నలిగి ఉంటుందట. పలహారాలయ్యాక వంటాయన అందరినీ తీసుకెళ్ళి ఆ పక్క చూపిస్తాడు. మొదటిరోజు గుమ్మం దగ్గరే ఆగిపోయాను. "తలుపు తట్టి వెళ్ళమ్మాయ్, ఆవిడ చాలా మర్యాదస్తురాలు," అన్నారు యజమానురాలు. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మగారంటారు.

నాకు మంచి గది ఇచ్చారు. బెంగ పెట్టుకోకు. పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ చెల్లి,
పిచ్చుక


అక్కా,

నీ ఉత్తరం అందింది. "అలకలు చాలు, వచ్చెయ్" అని రాశావు. అలక కాదే. ఇంక దాచి లాభం లేదు, అన్నీ చెప్పేస్తాను.

నాకు గదీ లేదు, గాడిదగుడ్డూ లేదు. పనివాళ్ళు లాడ్జిలో పడుకోకూడదని ఇక్కడ ఎప్పటినుంచో నియమం. ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు లేరు. అందుకని దయ్యం గదిలోనే పడుకుంటున్నాను. ఆవిడకని నేను వేసిన పక్కమీదే. మెట్టు మూలిగితే చాలు, దొరికిపోయాననుకుని లేచి కూర్చుంటున్నాను.

నీ ఇంటినుంచి ఎందుకొచ్చేశానో అడిగావు కదా. ఆరోజు నాకు ఒంట్లో బాగోలేదు. స్నానం చేసొచ్చి కాసేపు నడుం వాలుద్దామనుకున్నాను. వచ్చి చూసేసరికి నా పక్క చుట్టి అటకమీద పెట్టేశావు. నువ్వు తలెత్తకుండా కూరలు తరుగుతున్నావు. ఒక్క మాట అని ఉంటే పోట్లాడేదాన్ని, ఏడ్చేదాన్ని, మళ్ళీ నీ వెనకే తిరిగేదాన్ని. చుట్టిన పక్కతో ఏం పోట్లాడను? రెండు గదుల్లో మీరు నలుగురు, మీ మధ్య నేను. కుట్టుకొట్టు మూతపడింది నా ఖర్మ గాని నీ తప్పు కాదని నాకూ తెలుసు. అయినా బాధేసింది. ఇప్పటికీ వేస్తోంది.

దానికి తోడు ఇక్కడ ఇంకో గొడవ. దయ్యం రావడం మానేసింది! నీ ఇంట్లో అలవాటైపోయింది కదా, పడుకున్న ఆనవాలు లేకుండా లేవడం. ఇక్కడా అంతే. తెల్లవారుజామునే లేచి, ముడత లేకుండా దుప్పటి పరిచి, అంచులు పరుపు కిందికి దోపి వచ్చేస్తున్నాను. పొద్దున్న జనం తొంగిచూసి, "ఏదండీ?" అంటున్నారు. వంటాయనకి తలకొట్టేసినట్టుంది. "నాకు ముందున్నామె ఉన్నన్నాళ్ళూ ఒక్కపూట తప్పలేదమ్మా. నువ్వొచ్చాకే ఇలా. ఆవిడ మనసు ఎవరు నొప్పించారో!" అని నావైపే చూస్తాడు.

దుప్పటి నువ్వే నలిపేయొచ్చుగా అంటావు. చెయ్యి రాలేదక్కా. ఆవిడ చోటు తీసుకున్నది చాలక ఆవిడ గుర్తు కూడా దొంగిలించనా? తలదాచుకోను చోటులేక వచ్చి, చచ్చిపోయిన మనిషిని కూడా ఇల్లు వెళ్ళగొట్టానేమోనని భయంగా ఉంది. రేపు పెద్దమ్మగారికి చెప్పేస్తాను. పొమ్మంటారు. ఎక్కడికో తెలియదు. ఈ చిరునామాకి జవాబు రాయకు.

పిచ్చుక


నా అక్కకి,

ఇక్కడే ఉన్నాను!

పెద్దమ్మగారు పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నారు. రెండో కొస నేను పట్టుకుని, ఏడుస్తూ మొత్తం చెప్పేశాను. ఆవిడ దుప్పటి దులపడం ఆపలేదు.

"తెలుసమ్మాయ్. దయ్యానికి ఒక్క మాట చెప్పు. లేచాక పక్క సర్దొద్దని."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు. పెద్దమ్మగారూ ఒకప్పుడు ఇక్కడ గదులు సర్దిన మనిషేనట. ఇల్లు వదిలేసి వచ్చి, ఆ గదిలోనే దొంగచాటుగా పడుకునేవారట. ఒకరోజు అప్పటి యజమాని నలిగిన పక్క చూసి కేకలేశాడు. ఏం చెప్పాలో తోచక, "దయ్యమండీ" అనేశారట!

"పనివాళ్ళని బయటికి పొమ్మన్నాడు గాని, దయ్యాన్ని పొమ్మనే ధైర్యం ఆ ముసలాయనకి లేకపోయింది. తర్వాత ఆయన కొడుకే నన్ను చేసుకున్నాడనుకో. నీకు ముందున్న దయ్యం కూడా ఇల్లు చూసుకుని మొన్ననే వెళ్ళింది. వంటాయనకి మాత్రం చెప్పకు, పాపం నిజంగా నమ్మాడు."

"ఇప్పుడు మీరే యజమానురాలు కదా, ఆ నియమం తీసేయొచ్చు కదండీ?" అన్నాను.

"తీసేస్తే చోటిమ్మని మీరొచ్చి నన్ను అడగాలి. ఎందుకొచ్చావు, ఎన్నాళ్ళుంటావు అని నేను అడగాలి. కొత్తలో మనిషికి ఆ మాటలు చెప్పుకునే ఓపికుంటుందా? పక్క వేసి, తలుపు తీసి ఉంచితే చాలు."

ఇవాళ పొద్దున్న దుప్పటి అలాగే వదిలేసి వచ్చాను. గుమ్మం దాటాక రెండుసార్లు వెనక్కి వెళ్ళబోయాను, చేతులు ఊరుకుంటేగా! పలహారాలయ్యాక మేడమీంచి ఒకటే కేకలు. వంటాయన కళ్ళు తుడుచుకుంటూ, "వచ్చిందమ్మా, మన తల్లి వచ్చింది" అన్నాడు.

నీమీద కోపం పూర్తిగా పోలేదు. తగ్గింది. ఒక్కసారి పిల్లల్ని బావకి అప్పజెప్పి రా. నా పక్కనే పడుకుందువుగాని. పొద్దున్నే లేచి దుప్పటి మడతపెట్టావో, నేను ఊరుకోను.

నీ రాకకోసం చూస్తూ,
మేడమీది దయ్యం