పావుగంట దాటితే మోగే ఫోన్

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి పదేళ్లు. నేనిప్పుడు మూర్ఛ ఉన్నవాళ్ల కోసం ఫోన్‌లో ఒక యాప్ తయారుచేస్తున్నాను. మన బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే సుజాత అనే అమ్మాయికి నీలాగే ఫిట్స్ వస్తాయి. పోయిన నెల తనకి చూపించాను. సాయం కోసం నేను పెట్టిన ఎర్ర బటన్ చూసి నవ్వింది.

"ఇదేటి దీదీ? ఫిట్స్ వచ్చినప్పుడు నా చెయ్యి నా మాట ఇంటాదేటి? తానానికి ఎల్లేముందే నొక్కేస్తాను. పావుగంటలో నాను రాకపోతే మా అమ్మ ఫోను మోగాల."

నేను తల దించుకుని రాసుకున్నాను. ఆ రోజు నువ్వు స్నానాలగదిలో ఉన్నప్పుడు నేను ముందుగదిలో టీవీ చూస్తున్నాను. నీళ్ల చప్పుడు వస్తూనే ఉంది కదా, ఇంకా పోసుకుంటున్నావులే అనుకున్నాను. నాన్న డ్యూటీ నుంచి వచ్చి తలుపు పగలగొట్టేదాకా అలాగే అనుకున్నాను.

యాప్‌ని సుజాత చెప్పినట్టే మార్చి ఇవాళ వాళ్ల క్వార్టర్‌కి తీసుకెళ్లాను. పరీక్ష కోసం తను బటన్ నొక్కి, స్నానాలగదిలోనే ఉండిపోయి కావాలనే పావుగంట దాటించింది. ఫోన్ మోగింది. సంగతి తెలిసి కూడా వాళ్లమ్మ పిండి చేతులతో పరుగెత్తి తలుపు బాదింది.

"అచ్ఛా, అచ్ఛా! బాగానే ఉన్నానే అమ్మా, తలుపు ఇరగ్గొట్టీకు!" అని లోపలి నుంచి సుజాత కసిరింది.

నువ్వూ నన్ను అలా ఒక్కసారి కసిరి ఉంటే ఎంత బాగుండేది అక్కా.

నీ చెల్లి